బాలింతకి ఊరంతా అత్తగార్లే

మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది. గది తలుపు మాత్రం తెరుచుకోలేదు.

లోపల పాప ఏడ్చింది, ఊరుకుంది, మళ్ళీ ఏడ్చింది. ఇప్పుడు చప్పుడు లేదు. నిద్రపోయిందో, తల్లి ఒడిలో పాలు చప్పరిస్తోందో బయటివాళ్ళకి తెలిసే దారి లేదు. పుష్పకుమారి తలుపుకి చెవి ఆనించి నిలబడింది. చేతిలో పళ్ళెం. పళ్ళెంలో వేడన్నం, వెల్లుల్లి కారం, తెల్లారకుండానే చేపల బజారుకి పోయి ఏరి తెచ్చి వండిన పాలసొర పిట్టు. బాలింతకి పాలు పడాలంటే ఆ చేపని మించిన మందు లేదని ఆవిడ నమ్మకం. ఆవిడ తల్లి నమ్మకం, తల్లిని కన్న తల్లి నమ్మకం కూడా.

"అమ్మీ రేచలూ! తలుపు తియ్యి తల్లీ. టీకా ఏయించుకొచ్చిన కాణ్ణుంచి గుక్కెడు నీళ్ళు తాగనేదు. కడుపు మాడ్సుకోకూడదమ్మా."

గోడకి చెప్పినట్టయింది.

అప్పుడే పోర్టులో క్రేన్ దిగి వచ్చిన జాక్సన్ బూట్లయినా విప్పకుండా గుమ్మంలో ఆగిపోయాడు. తల్లి మొహం చూశాడు, తలుపు చూశాడు, చల్లారిపోతున్న అన్నం చూశాడు.

"ఏటమ్మా, ఏటయ్యింది? మళ్ళీ ఏటన్నావు?"

"ఏటన్నాను? నాను ఏటీ అననేదురా! పొద్దున్న నవ్వుకుంటా ఎల్లింది. టీకా ఏయించుకుని షేర్ ఆటోలో వొచ్చింది. గదిలోకెల్లి గడియెట్టుకుంది. అంతే."

"రేచల్! తలుపు తియ్యవే. నేనొచ్చాను."

ఈసారి లోపలినుంచి మాట వచ్చింది. ఏడుపు గొంతు కాదు. ఏడుపు అయిపోయాక మిగిలే పొడి గొంతు.

"ఆటోలో ఆవిడకి ఎలా తెల్సిందో మీ అమ్మని అడుగు."

"ఏ ఆవిడ? ఏటి తెల్సింది?"

"ఆవిడెవరో నాకు తెలీదు. గాజువాకలో ఎక్కింది. నా పక్కనే కూచుని నన్ను ఎగాదిగా చూసింది. 'పాలు పడని పిల్లవి నువ్వే కదమ్మా' అంది. ఆటోలో ఉన్నోళ్ళందరూ నాకేసి చూశారు. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. 'మేం గుడికెళ్ళేవాళ్ళమైనా నీ సంగతి ఇన్నాక మా అమ్మవారికి దండం పెట్టుకున్నాను తల్లీ' అంది. నా గడ్డం కూడా పట్టుకుంది. మంచిది పాపం. నేను ఆటో ఆపించి సగం దారిలో దిగిపోయాను. ఎండలో పిల్లని ఎత్తుకుని నడిచొచ్చాను. ఆవిడకి ఎలా తెల్సింది? అది చెప్పమను."

పుష్పకుమారి నోట మాట లేదు. పుష్పకుమారి నోట మాట లేకపోవడమంటే ఆ వీధిలో కొళాయి నీళ్ళు రాకపోవడం లాంటిది. ఎక్కడో పైపు పగిలిందని అందరికీ తెలిసిపోతుంది.

జాక్సన్ తల్లిని చూశాడు. తల్లి పళ్ళెంలో చేపని చూసింది.

వీధరుగు మీద కూర్చుని చెప్పుల ఉంగటం కుట్టుకుంటున్న జాక్సన్ తండ్రి యేసుదానం మాత్రం తల ఎత్తలేదు. ఇంట్లో ఎవరు అరుచుకున్నా తగుదునమ్మా అని మధ్యలో దూరే మనిషి కాదు. కాకపోతే ఒక్కోసారి నోరు జారుతుంది.

"శుక్రవారం ఉపవాస పార్ధనలో సదివేరు కదేటి. మైకులో."

అంతే అన్నాడు. మళ్ళీ సూది పట్టుకున్నాడు.

ఇంకేముంది! తలుపు గడియ తీసిన చప్పుడయింది.

జరిగింది ఇదీ. మూడు నెలలు పుట్టింట్లో ఉన్నప్పుడు పాలకి లోటు లేని పిల్ల, అత్తవారింటికి వచ్చిన రెండు వారాల్లో చిక్కిపోయింది. రాత్రుళ్ళు నిద్ర లేదు. పాలు తగ్గాయి. డాక్టరమ్మ చూసి డబ్బా పాలు కూడా కలుపుకోమంది, పాప బరువు బాగానే ఉందంది. అయినా పాప సాయంత్రాలు గుక్క పట్టి ఏడుస్తుంటే పుష్పకుమారి గుండె జారిపోయింది. పాస్టరమ్మగారి దగ్గరికి పోయి చెవిలో చెప్పింది. పాస్టరమ్మగారు చీటీ మీద రాసుకుంది. శుక్రవారం నాడు జ్వరాలు, కేసులు, వీసాలు, పరీక్షలు వరసగా చదువుతూ, "సహోదరి పుష్పకుమారిగారి కోడలు రేచల్‌కి పాలు సమృద్ధిగా కలుగునట్లు" అని చదివేసింది. చర్చి మేడ మీద బాకాలు రెండు. ఒకటి బజారు వైపు, ఒకటి బస్టాపు వైపు. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, తన పేరు మైకులో వినపడగానే పుష్పకుమారి కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

రేచల్ గుమ్మంలో నిలబడింది. జుట్టు వేలిముడి. కళ్ళ కింద నలుపు. ఒక భుజాన పాప, ఇంకో చేతిలో బట్టల సంచి.

"ప్రార్థనే కదే చేయించింది. తప్పేటుందిప్పుడు? మన మంచికే కదా," అన్నాడు జాక్సన్.

"నీకు నడినెత్తి మీద జుట్టు ఊడిపోతంది. వచ్చే శుక్రవారం మైకులో చదివిస్తాను. రేపు పోర్టు గేటు దగ్గర నువ్వు దిగ్గానే ఒక్కొక్కడూ వచ్చి, 'బావా, మొలిచిందా' అని నీ నెత్తి తడిమి చూస్తాడు. మంచికే కదా?"

జాక్సన్ చెయ్యి దానంతటదే నెత్తి మీదకి పోయింది.

పుష్పకుమారికి అంత బాధలోనూ నవ్వు వచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుంది. ఈ నోరు చూసే కదా ఈ పిల్లని కోరి చేసుకున్నది! పెళ్ళిచూపులకి గోపాలపట్నం వెళ్ళినప్పుడు, "పాటలొచ్చా అమ్మా" అని అడిగితే, "కబడ్డీ వచ్చండి" అంది. జిల్లా జట్టుకి ఆడిన పిల్ల. ఇప్పుడు స్కూల్లో ఆటల టీచరు. గ్రౌండు ఈ చివర నిలబడి మాట్లాడితే ఆ చివర పిల్లలు సర్దుకుంటారు. కనపడిన వాళ్ళందరికీ పుష్పకుమారి ఆ సంగతే చెప్పుకునేది. ఇన్నాళ్ళూ కోడలి గొప్ప చాటిన నోటితోనే కోడలి లోటు కూడా చాటేసింది.

"అమ్మ దగ్గరికి ఎల్తన్నాను. ఆదివారం పాప ప్రతిష్ఠకి మేం రాం," అంది రేచల్.

జాక్సన్ నెత్తి మీద చెయ్యి తీసేశాడు.

ప్రతిష్ఠ అంటే మాటలా! బిడ్డని మొదటిసారి చర్చికి తీసుకెళ్ళి, పాస్టరుగారి చేతిలో పెట్టి, పేరు పిలిపించి దేవుడికి అప్పగించే పండగ. కంచరపాలెం నుంచీ మల్కాపురం నుంచీ చుట్టాలు వస్తున్నారు. వంటవాడితో మాట్లాడేశారు. అదంతా పోతే పోయింది. మూడో నెలలో సారెతో తీసుకొచ్చిన కోడలు ఇలా చంటిదాన్ని చంకనేసుకుని ఒక్క మాటతో గడప దాటితే, ఆ గడప మళ్ళీ తొక్కుతుందో లేదో ఎవరు చూడొచ్చారు?

"బైకు తీస్తాను, ఆగు," అన్నాడు జాక్సన్.

"కుట్లు లాగుతున్నాయి. నీ బైకూ వద్దు, నువ్వూ వద్దు. బస్సులో పోతాను."

పుష్పకుమారి పళ్ళెం కింద పెట్టింది. కోడలి చేతిలోంచి సంచి లాక్కుంది.

"పద. నాను దిగబెడతాను."

"అక్కర్లేదు."

"బాలింతరాలు ఒక్కర్తీ బస్సెక్కకూడదు. నా మీద కోపం నా మీదే ఉంచుకో. సంచి మీద ఎందుకు? దారిలో ఒక్క ముక్క మాటాడితే ఒట్టు."

"మీరా? మాటాడకుండానా?" అంది రేచల్. ఆ పూట అత్త మొహంలోకి చూసి అన్న మొదటి మాట అదే.



ఆడవాళ్ళకి బస్సుల్లో టికెట్టు తీసేసినప్పటినుంచీ గాజువాక బస్టాపులో ఏ బస్సు చూసినా పెళ్ళివారి బస్సులాగే ఉంటోంది. ఎక్కేటప్పటికే నిండిపోయింది. చంటిపిల్లని చూసి ఇద్దరు జరిగి సీటు చివర జానెడు చోటు ఇచ్చారు. రేచల్ అంచున కూర్చుంది. పుష్పకుమారి సంచి గుండెలకి అదుముకుని పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడింది.

బస్సు కదిలిందో లేదో మొదలయ్యాయి.

"ఏటమ్మా, సెవుల్లో దూది ఏదీ?" వేరుశెనక్కాయల బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకున్న ముసలమ్మ. "గాలి సొరబడితే తలనొప్పి జన్మంతా వొగ్గదు."

రేచల్ చిన్నగా నవ్వింది.

"నార్మలా, ఆపరేషనా?" మెడలో ఆఫీసు కార్డు వేసుకున్నావిడ.

"ఆపరేషనండి."

"అయ్యో! కొంచెం ఓర్చుకోలేకపోయావా? ఈ కాలం పిల్లలకి నొప్పంటే భయం."

పుష్పకుమారి నాలుక అంగిట్లో దురద పెట్టింది. ఒట్టు గుర్తొచ్చి మింగేసింది.

షీలానగర్ దగ్గర కాలేజీ పిల్ల ఒకతె ఎక్కింది. చెవిలో పాటలు పెట్టుకుని ఫోను చూసుకుంటున్న పిల్ల కూడా ఒక తీగ పీకి, "ఆంటీ, బేబీకి ఒక కాలికే సాక్సుంది," అంది.

పాప అప్పుడే ఏడుపు అందుకుంది. ఇక బస్సంతా వైద్యులే.

"ఆకలమ్మా అది."

"ఆకలి కాదు, కడుపులో గాలి. బోర్లా ఏసుకో."

"దిష్టి తగిలుంటాది. బుగ్గన సుక్క ఏదీ?"

"అలా ఎత్తుకుంటే మెడ పడిపోదేటి?"

పుష్పకుమారికి ఒళ్ళంతా వేడెక్కింది. కోపం కాదు, అదేదో వేరే. ఈ మాటలన్నీ తనకి తెలుసు. దూది మాట తనది. చుక్క మాట తనది. నిన్నగాక మొన్న చేపల బజారులో ముక్కూ మొహం తెలియని పిల్లని ఆపి, "అంత పల్చటి గుడ్డ సుట్టేవేటమ్మా" అని అనలేదూ? ఆ పిల్ల కూడా ఇలాగే చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూసి ఎంత మంచి పిల్లో అనుకుంది గానీ, ఎంత అలిసిపోయిందో అనుకోలేదు.

రేచల్ భుజానికి వేసుకున్న చిన్న సంచిలోంచి పాలసీసా తీసింది.

చుట్టుపక్కల మాటలు టక్కున ఆగాయి.

"డబ్బా పాలా?" అంది కార్డు ఆవిడ.

"తల్లి పాలు లేవేటి?" వెనక సీటు.

"పోనీలే, అత్తగారు మంచిది. సంచి మోత్తంది సూడు పాపం," అంది ముసలమ్మ. "మా అత్తయితే ఆ మూడో నెల్లో నా సేత పిండి రుబ్బించింది. పున్నెం సేసుకున్నావమ్మా."

చాలు. ఒట్టూ లేదు గిట్టూ లేదు. పుష్పకుమారి గొంతు సవరించుకుంది.

రేచల్ చెయ్యి వచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

"మీరుండండి అత్తా. నా మాట నేను చెప్పుకోగలను."

పాప నోట్లో సీసా అలాగే ఉంచి రేచల్ తల ఎత్తింది. గొంతు పెంచలేదు. గ్రౌండు చివర పిల్లలకి వినపడే గొంతు అది, పెంచక్కర్లేదు.

"అందరూ అడిగారు కదా, అందరికీ ఒకేసారి చెప్తాను. ఒక రాత్రీ ఒక పగలూ నొప్పులు పడ్డాక, బిడ్డ గుండె నెమ్మదించిందని కోసి తీశారు. కోయించుకోడానికీ ఓర్పే కావాలండి. పాలు కొంత నావి, కొంత డబ్బావి. దీనికి ఆ తేడా లేదు, రెండూ తాగుతుంది. చెవుల్లో దూది పెట్టుకుంటే రాత్రి ఇది లేచినప్పుడు నాకు వినపడదు. సాక్సు రెండోది ఇదే పీకి పారేసింది, మీ కాళ్ళ కింద ఎక్కడైనా ఉంటే చూసి ఇవ్వండి. చుక్క పెట్టాను, చెమటకి పోయింది."

కండక్టరు కూడా వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

"ఇన్ని అడిగారు. అన్నీ దీని గురించే. దీన్ని మోసే మనిషి తిన్నదా లేదా అని ఒక్కరూ అడగలేదు. పొద్దున్నుంచీ నన్ను ఆ మాట అడిగింది ఒకే ఒక్క మనిషి." బొటనవేలితో పక్కకి చూపించింది. "ఈవిడ. నాకు పీకల్దాకా కోపం ఉన్నదీ ఈవిడ మీదే."

వెనకెవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు సీటు సీటుకీ అంటుకుంది. కార్డు ఆవిడ నవ్వలేదు. వంగి, సీట్ల కింద వెతికి, చిన్న పసుపు సాక్సు తీసి, దులిపి పాప కాలికి తనే తొడిగింది. తొడిగి కిటికీ వైపు తిరిగిపోయింది.

ముసలమ్మ బుట్ట మీద గుడ్డ తీసింది. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు, ఇంకా వేడి పోలేదు. రెండు చేతుల నిండా తీసి రేచల్ ఒళ్ళో పోసింది.

"తిను. తిని తిట్టు. కాళీ కడుపుతో తిడితే నీరసమొత్తాది," అని పుష్పకుమారి వైపు తిరిగింది. "నీ కోడలేనేటి?"

"మా కోడలే!"

ఆ మాట బస్సు ముందు అద్దం దాకా వినపడింది. పుష్పకుమారి ఒట్టు ఎన్.ఏ.డి. జంక్షన్ దాటకుండానే గాల్లో కలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. ఎవరైనా చూస్తే చూడనీ! ఇంత గొంతు, ఇంత ధైర్యం, ఒంట్లో రక్తం లేకపోయినా తల దించని ఈ పిల్ల తన ఇంటి మనిషి. ఇలాంటి పిల్ల కోసమా తను పాస్టరమ్మగారి చెవిలో దిగులుగా ఊదింది?

రేచల్ ఒక్కో కాయా వొలిచి తింటోంది. నాలుగు గింజలు అత్త అరచేతిలో పెట్టింది. మొహం మాత్రం ఇంకా అవతలికే తిప్పుకుని ఉంది.

"భయమేసిందమ్మీ," అంది పుష్పకుమారి, ఇద్దరికే వినపడేలా. "పిల్ల అలాగ గుక్కపడితే భయమేసింది. నిన్ను అడగాలని తోచనేదు."

"భయమేస్తే నాకు చెప్పాలి అత్తా. నాకూ భయమేస్తంది. ఇద్దరం కూచుని భయపడేవాళ్ళం."

పుష్పకుమారి అరచెయ్యి చూసుకుంది. గింజలు నోట్లో వేసుకుని నమిలింది.

ఆదివారం సంగతి రేచల్ ఎత్తలేదు. ఆవిడ అడగలేదు.



గోపాలపట్నంలో బస్సు దిగి, సందు తిరిగి, నీలం గేటు ముందు ఆగేటప్పటికి ఎండ మెత్తబడింది. రేచల్ తల్లి కేథరిన్ గుమ్మంలోనే బియ్యం చెరుగుతోంది. కూతుర్ని చూసి చేట అవతల పెట్టి ఒక్క ఉదుటున లేచి వచ్చింది.

"వొచ్చీసేవా! నాకు తెల్సు నువ్వు వొచ్చీస్తావని. ఏటే ఇలాగైపోయావు? బుగ్గలేవీ? ఇక్కడున్నన్నాళ్ళూ పాలు పొంగిపోయేవి. రెండు వారాలకే ఎండగట్టీసారు. అసలు తిండెడతన్నారా నీకు?"

చెబుతున్నది కూతురికే గానీ, చూపు వెనక నిలబడిన పుష్పకుమారి మీద ఉంది.

ఈవేళ ఆవిడ అనాలి, తను పడాలి అనుకుంది పుష్పకుమారి. తెల్లవారుజామున ఏరి తెచ్చిన చేప సంగతి గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆపేసింది. సంచి గడప పక్కన దించి, పాపని ఒక్కసారి ముద్దు పెట్టుకుని, వచ్చిన దారినే పోదామని నడుం వంచింది.

"నీకెవరు చెప్పారమ్మా, నా పాల సంగతి?" అంది రేచల్.

"ఎవరేటి? గాజువాకలో మా పిన్నత్త కూతురు ఫోన్ సేసి సెప్పింది, మీ చర్చి మైకులో ఇన్నాదట. నాకు నిద్దరట్టనేదు. ఇక్కడ మన కేథలిక్ గుడిలో ఫాదరుగారికి కూడా సెప్పీసాను. రేపు పూజలో అందరి సేతా నీకోసం పార్ధన సేయిస్తానన్నారు. పేరు కూడా రాయించీసాను."

రేచల్ ఒక కాలు గడప లోపల ఉంది. ఒక కాలు బయట ఉంది. తల్లి మొహంలోకి చూసింది. ఆ మొహంలో ప్రేమ తప్ప మరేమీ లేదు, అదే కష్టం. పాపని ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకుంది.

లోపలున్న కాలు వెనక్కి వచ్చింది.

"అత్తా," అంది, వెనక్కి తిరగకుండానే. "సంచి కింద పెట్టకండి."